పురాధ్యక్షుడు – అయ్యదేవర కాళేశ్వరరావుగారు

“బెజవాడకు మేయరెవరైన మనకేమి? ఆ ఊర మనకు ఓటు లేదు, ఆ ఊరి పన్ను మనము కట్టము” అని కృష్ణాడెల్టా గ్రామములలో పెద్దలు అనుకొనుట కలదు. వినుటకు ఈ మాట న్యాయముగనే యున్నది. గ్రామమునకు సర్పంచి, పట్టణమునకు పురాధ్యక్షుడు. ఎవరి గడప వారిది. కాని వేసవికి ముందు మన గ్రామపు మంచినీటి చెరువును కాలువ నీటితో నింపుకొనునప్పుడు, ఆ నీరు ఏ దారిని వచ్చుచున్నదో ఒక్క క్షణము తలచుకొన్నచో ఈ మాటలోని లోపము తెలియగలదు. కృష్ణను విడిచిన నీరు తూర్పు డెల్టా గ్రామములకు చేరకముందు బెజవాడ పేటలనడుమ నడచి రావలయును. ఏలూరు కాలువ, బందరు కాలువ, రైవస్ కాలువ – ఈ మూడును ఆ పట్టణమును చీల్చుకొనియే పల్లెలకు వచ్చుచున్నవి. ఎగువవాడు కడిగినది దిగువవాడు త్రాగవలసినదే. అందుచేత ఆ పట్టణపు పెద్ద యెవరు, ఆయన అధికారమెంత, ఆయనను లెక్క అడుగువారెవరు అను ప్రశ్నలు పట్టణవాసులకెంత ముఖ్యములో మనకును అంత ముఖ్యములే.

ఈ ప్రశ్నలకు సమాధానము, ఆ పట్టణమున ఆ పీఠముపై కూర్చున్న ఒక పెద్దమనిషి జీవితము ఆధారముగా వెదకుదము. ఆయన అయ్యదేవర కాళేశ్వరరావుగారు. నేడు బెజవాడ పోయిన పల్లెవాడు కాళేశ్వరరావు మార్కెట్టు పేరు వినకుండ తిరిగిరాడు. కూరగాయల బస్తా దించినవారికిని, బేరమాడినవారికిని ఆ పేరు పరిచితమే. ఆ పేరుగల మనుష్యుని గూర్చి తెలిసినవారు మాత్రము తక్కువ.

మొదట ఆ పట్టణమును గూర్చి రెండు మాటలు చెప్పవలెను. కొండకును ఏటికిని నడుమ ఒదిగిన ఆ యూరు, కనకదుర్గమ్మ సన్నిధిచే యాత్రాస్థలముగా పూర్వమునుండి ప్రసిద్ధమే. కాని పెద్ద పట్టణమగుటకు కారణము ఆనకట్ట. 1832-33లో గుంటూరు సీమను నిర్మానుష్యము చేసిన కరవును డొక్కలకరవని మన పెద్దలు చెప్పుకొనెడివారు. అట్టి విపత్తు మరల రాకుండుటకై ఆర్థర్ కాటన్ దొర సలహాపై 1852లో కృష్ణకు అడ్డముగా ఆనకట్ట కట్టనారంభించిరి. కెప్టెన్ ఆర్ పర్యవేక్షణమున 1855లో అది ముగిసినది. కాలువలు నీటినే గాక పడవలనుగూడ నడిపినవి. ధాన్యపు పడవలు బెజవాడ చేరినవి. 1893 నాటికి కృష్ణపై రైలు వంతెన సిద్ధమయినది. కాలువలకు రైలు తోడుపడగా కోమటులు, వకీళ్లు, కూలీలు, యాత్రికులు ఒక్కచోటికి చేరిరి. జనము చేరినచోట మురుగు చేరును, జబ్బు చేరును, తగవు చేరును. రైలు వంతెనకు ముందే, 1888వ సంవత్సరము ఏప్రిల్ 1వ తేదీన, బెజవాడకు పురపాలక సంఘము ఏర్పడియుండెను.

పురాధ్యక్ష పదవి క్రొత్తది కాదు. గ్రీకుదేశమున నేటికిని పట్టణపు పెద్దను ‘డిమార్ఖోస్’ అని పిలుతురు. ‘డిమోస్’ అనగా ప్రజ; ఆ ప్రజకు పెద్దయగుటచే డిమార్ఖోస్. క్రీస్తుపూర్వము 508 ప్రాంతమున ఏథెన్సు రాజ్యమున క్లైస్థనీసు అను నాయకుడు దేశమునంతయు నూటముప్పదితొమ్మిది చిన్న విభాగములుగా ఏర్పరచెను. వానిలో పెక్కులు మన పల్లెలవంటివే. ప్రతిదానికిని ఏడాదికొక పెద్ద ఉండెడివాడు. ఎవరు పౌరులో తెలుపు పట్టిక ఆయన చేతిలో ఉండెడిది. 1984లో మునసబు కరణముల పదవులు తీసివేయువరకు మన కరణముగారి చేతిలో అడంగలు ఉన్నట్లే అనుకొనుడు. ఏడాది గడువగానే ఆ పెద్ద తన చేతిమీదుగా జరిగిన ధనవ్యయమునకు లెక్క ఒప్పగించవలెను. ఒప్పగించనిది తప్పించుకొనుటకు వీలులేదు. స్త్రీలకు, బానిసలకు ఆ సభలో చోటు లేదనునది ఆ యేర్పాటులోని పెద్ద కొరత. అయినను పెద్దరికమునకు గడువు, గడువు చివర లెక్క అను రెండు నియమములు మాత్రము లోకమునకు వారు విడిచిన మంచి ఆస్తి.

మనదేశమున ఇంగ్లీషువారి కాలమున వచ్చిన పురపాలక సంఘములు ఇట్లు ప్రజలలోనుండి మొలచినవి కావు, పైనుండి దిగినవి. 1882లో రిప్పన్ ప్రభువు, స్థానిక సంఘములు ప్రజలకు స్వపరిపాలనము నేర్పు పాఠశాలలు కావలెనని తీర్మానము చేసెను. ఆ మాట మంచిది. కాని ఆ పాఠశాలలో అందరికిని ప్రవేశము లేదు. ఆస్తి యున్నవారికి, పన్ను కట్టువారికి మాత్రమే ఓటు. సంఘమునకు వచ్చుబడి యనగా ఇంటిపన్ను, వృత్తిపన్ను, బండ్లపన్ను, నీటిపన్ను, సంతలయందలి ఆశీళ్లు. వ్యయమనగా వీధిదీపములు, రోడ్లు, కాలువలు, పాకీపని, టీకాలు, ప్రాథమిక పాఠశాలలు. పనిలో కీర్తి తక్కువ; నింద ఎక్కువ. దీపము వెలిగిననాడు చైర్మనును తలచువాడుండడు, ఆరిననాడు తిట్టనివాడుండడు. అట్టి పీఠము అది.

కాళేశ్వరరావుగారు బెజవాడలో పుట్టినవారు కారు. కృష్ణామండలమున నందిగామ ఆయన స్వగ్రామము. ఆ ఊరు నేడు ఎన్.టి.ఆర్. జిల్లాలో ఉన్నది. పట్టపరీక్ష నిచ్చి, బందరున ఉపాధ్యాయవృత్తి నవలంబించి, పిల్లలకు పాఠములు చెప్పుచునే న్యాయశాస్త్రము చదివి, ప్లీడరై బెజవాడ చేరిరి. నాడు చదువుకొన్నవారికి ఇది పరిచితమైన దారియే. ఆ దారిలో పోయినవారు పలువురు ధనము గడించి మేడలు కట్టిరి. వీరు దారి నడుమ మరియొక పనిని తలకెత్తుకొనిరి.

1906లో హైదరాబాదున విజ్ఞానచంద్రికా మండలి అను సంస్థ ఏర్పడినది. కొమర్రాజు లక్ష్మణరావుగారు, గాడిచర్ల హరిసర్వోత్తమరావుగారు, రావిచెట్టు రంగారావుగారు, వారితో కాళేశ్వరరావుగారు దానిని నెలకొల్పినవారు. చరిత్రము, ప్రకృతిశాస్త్రము, మహనీయుల జీవితములు తెలుగువారికి తెలుగున అందవలెనని వారి సంకల్పము. మండలి మొదట వెలువరించిన గ్రంథము అబ్రహాము లింకను జీవితము, రచించినవారు గాడిచర్లవారు. కట్టెయింటిలో పుట్టినవాడు ఒక దేశమున కధ్యక్షుడైన కథతో వారు తమ పనిని ప్రారంభించుట యాదృచ్ఛికమని తోచదు. ఏలువాడెవడో ఏలబడువాడెవడో పుట్టుకచే నిర్ణయము కాదని చెప్పవలెనని వారి యుద్దేశము. కాళేశ్వరరావుగారు పురాధ్యక్ష పీఠమెక్కుటకు ఎంతయో ముందుగనే ఈ పాఠమును తెలుగువారికి చెప్పుచుండినవారిలో ఒకరు.

1921వ సంవత్సరము మార్చి 31న, ఏప్రిల్ 1న అఖిలభారత కాంగ్రెసు సంఘము బెజవాడలో సమావేశమయినది. గాంధీమహాత్ముడు వచ్చెను. తిలకు స్వరాజ్యనిధికి కోటి రూపాయలు, కాంగ్రెసునకు కోటి సభ్యులు, దేశమున ఇరువదిలక్షల రాట్నములు అను మూడు సంకల్పములు ఆ సభలో జరిగినవి. ఆ సంరంభమున బెజవాడ దేశమునకంతకును తెలిసిన పేరయినది. పురపాలక సంఘము కొలువుదీరిన ఊరిలోనే పరప్రభుత్వముతో సహకరింపరాదను తీర్మానము అమలునకు వచ్చుటలో ఒక చిక్కుప్రశ్న ఇమిడియున్నది. పురపాలక సంఘము సర్కారువారి చట్టముచే పుట్టినది. దానిలో చేరవచ్చునా, రాదా?

ఈ ప్రశ్న పుస్తకములకు సంబంధించినది కాదు. అదే ఏట, బెజవాడకు దక్షిణమున, సముద్రతీరమున చీరాల పేరాలలలో అది అగ్నివలె మండుచుండెను. ఆ రెండు ఊళ్లను కలిపి పురపాలక సంఘముగా చేయుటతో పన్నులు అనేక రెట్లు పెరిగినవి. అచ్చటివారిలో పలువురు నేతగాండ్రు, చిన్న రైతులు. “మాకీ మునిసిపాలిటీ వలదు” అని మొరపెట్టుకొన్నను సర్కారు వినలేదు. దుగ్గిరాల గోపాలకృష్ణయ్యగారు నాయకులయిరి. బెజవాడ సభల తరువాత కొలదిదినములకే గాంధీమహాత్ముడు చీరాలకు పోయి, హింసకు దిగకుండ ఊరు విడిచి పోవుటయు ఒక మార్గమని సూచించెను. మునిసిపాలిటీ హద్దు దాటిన యెడల పన్ను లేదు గదా! సుమారు పదునైదువేల జనములో పదమూడు వేలమందికి పైగా ఇండ్లు విడిచి, హద్దు బయట పాకలు వేసికొని, ఆ తావునకు రామనగరమని పేరు పెట్టుకొని, పదునొకండు నెలలు ఎండకు వానకు ఓర్చిరి. నాయకుడు చెరసాల పాలయ్యెను. జనము చివరకు మరల ఇండ్లు చేరిరి, మునిసిపాలిటీ నిలిచినది.

చీరాలవారు ఓడిరనుకొందమా? పన్నువిషయమున ఓడిరి. కాని పాలకులకొక సత్యమును తెలిపిరి. తాను కోరని సంఘమునకు, తన మాట చెల్లని సంఘమునకు కట్టు రూపాయి పన్ను కాదు, దండుగ. తన సంఘమని నమ్మినప్పుడు అదే రూపాయి చందావలె కట్టును. రెండును అదే రూపాయియే. భేదమంతయు పీఠముపై కూర్చున్నవాడు ఎవరివాడు అనుటలో ఉన్నది. చీరాలవారు సంఘమునకు బయటికి పోయి ఈ మాట చెప్పిరి. కాళేశ్వరరావుగారు సంఘము లోపల కూర్చుండి ఇదే మాట చెప్పిరి. అది యెట్లో చూతము.

1927లో ఇంగ్లీషు ప్రభుత్వము సైమను దొర అధ్యక్షతన ఏడుగురితో ఒక కమిషను నియమించినది. భారతదేశమునకు ఎట్టి పరిపాలనము తగునో నిర్ణయింపవలసిన ఆ సంఘమున భారతీయుడొక్కడును లేడు. పెండ్లికొడుకు లేకుండ లగ్నము పెట్టినట్లయినది. దేశమెల్ల నల్లజెండాలు పట్టినది. ఆ కమిషను మన ప్రాంతమునకు వచ్చినపుడు బెజవాడ పురపాలక సంఘమునకు అధ్యక్షులు కాళేశ్వరరావుగారు. గొప్ప అధికారి ఊరికి వచ్చినయెడల చైర్మను ఎదురేగి, పూలదండవేసి, స్వాగతపత్రము చదువుట ఆ కాలపు మర్యాద. కాళేశ్వరరావుగారు ఆ మర్యాదను తమ రీతిని జరిపిరి. ఒక కవరులో చీటి పెట్టి, మునిసిపల్ ఆఫీసు బంట్రోతు చేతికిచ్చి, సైమను దొరకు పంపిరి. దొర విప్పి చూడగా అందులో ఉన్నది స్వాగతము కాదు. “సైమన్, తిరిగి పొమ్ము” అను మాట.

ఈ కథను నవ్వుటకు చెప్పుకొనుట కలదు. ఒక్కింత నిలిచి చూచినచో అందు నవ్వుకంటె ఎక్కువ ఉన్నది. వీధిలో నల్లజెండా పట్టిన వానిమాట వాని సొంతమాట. పురాధ్యక్షుడు, ఆఫీసు బంట్రోతు ద్వారా పంపిన మాట ఊరిమాట. సర్కారు తన పని జరుగుటకై కల్పించిన పీఠమును, సర్కారు ఇచ్చిన బంట్రోతును ఉపయోగించియే, పట్టణము తన మనస్సును సర్కారునకు తెలిపినది. ఆయన రాయి విసరలేదు, కేక వేయలేదు. పీఠమునకు దీపములు వెలిగించు పని మాత్రమే గాక, ఊరికి నోరుగా ఉండు పనియు కలదని ఆ ఒక్క చీటితో చూపిరి.

తరువాత ఆయన జీవితము విశాలమయినది. స్వాతంత్ర్యోద్యమమున పలుమార్లు చెరసాలకు పోయిరి. చెరలో ఊరకుండలేదు, ఫ్రెంచి విప్లవము, చైనా, ఈజిప్టు, తురుష్కదేశముల చరిత్రములను తెలుగున వ్రాసిరి. విజ్ఞానచంద్రికలో ప్రారంభించిన పనినే చెరలోను కొనసాగించిరన్నమాట. మద్రాసు శాసనసభలో సభ్యులయిరి. తెలుగువారందరును ఒక్క రాష్ట్రముగా ఉండవలెనని కోరిన విశాలాంధ్ర మహాసభకు అధ్యక్షత వహించిరి. 1955లో విజయవాడ దక్షిణ నియోజకవర్గమునుండి ఆంధ్ర శాసనసభకు ఎన్నికయిరి. 1956 నవంబరు 1న ఆంధ్రప్రదేశము అవతరించినది. ఆ ఏటనే డిసెంబరు 4న దాని శాసనసభకు తొలి స్పీకరుగా కాళేశ్వరరావుగారిని ఏకగ్రీవముగా ఎన్నుకొనిరి. 1962లో కీర్తిశేషులయిరి. తమ జీవితకథను ‘నా జీవితకథ – నవ్యాంధ్రము’ అను పేర వ్రాసి పోయిరి. తన కథయు తన జాతి కథయు ఒక్కటేయని ఆ పేరులోనే తెలియుచున్నది.

“ఇంట గెలిచి రచ్చ గెలువు” మనుట మన సామెత. పురపాలక సంఘాధ్యక్షునకు, శాసనసభ స్పీకరునకు ఒక పోలిక ఉన్నది. ఇద్దరును ఎత్తైన పీఠముపై కూర్చుందురు. ఇద్దరి పనియు తాము మాటలాడుట కంటె ఇతరులచేత వరుసతప్పక మాటలాడించుట. పట్టణమున మురుగుకాలువ తగవును విని తీర్చిన చెవి, రాష్ట్రమున పెద్ద తగవులను వినుటకును పనికివచ్చినది.

ఆయన అనంతరము పట్టణము పెరిగినది. 1981లో పురపాలక సంఘము నగరపాలక సంస్థగా మారినది. చైర్మను పోయి మేయరు వచ్చెను. తొలి మేయరు కమ్యూనిస్టు పార్టీకి చెందిన టి. వెంకటేశ్వరరావుగారు. 2000లో పంచుమర్తి అనురాధగారు చిన్నవయస్సుననే మేయరయిరి; ఏథెన్సు పట్టికలో చోటులేని స్త్రీ బెజవాడ పీఠమెక్కినది. ఇది స్వల్పమయిన మార్పు కాదు. ఆస్తి యున్నవారికే యుండిన ఓటు నేడు పదునెనిమిదేండ్లు నిండిన ప్రతివారికిని కలదు.

కాని పేరు పెద్దదయినంత మాత్రమున అధికారము పెద్దది కాలేదు. మేయరు సభకు అధ్యక్షుడు, తీర్మానము సభది. ఆ తీర్మానమును అమలుజరుపు చేయి మాత్రము ప్రభుత్వము నియమించు కమిషనరుది. కొన్ని ఎన్నికలలో ప్రజలే మేయరును నేరుగా ఎన్నుకొనిరి. కొన్నింట కార్పొరేటర్లు ఎన్నుకొనిరి. ధనముకై రాష్ట్రప్రభుత్వము వైపు చూడవలసినదే. 1993లో అమలునకు వచ్చిన రాజ్యాంగ సవరణములు పంచాయతీలకు ఇరువదితొమ్మిది విషయములను, పట్టణ సంఘములకు పదునెనిమిది విషయములను అప్పగింపదగినవిగా పేర్కొన్నవి. పట్టికలో పేరు చేరుట వేరు, చేతికి అందుట వేరు. మేయరును నిందించుటకు ముందు, ఆ పని ఆయన చేతిలో నున్నదా కమిషనరు చేతిలో నున్నదా సర్కారు చేతిలో నున్నదా అని విచారించుట పెద్దల లక్షణము.

ఇక మన సంగతి. పటమట, గుణదల, భవానీపురము ఒకప్పుడు పల్లెలు. 1985లో నగరమున కలిసినవి. నగరపు అంచున నున్న ప్రతి గ్రామమునకును ఇదే ప్రశ్న ఏనాటికైన ఎదురగును. కలిసినచో రోడ్డు, కుళాయి, దీపము వచ్చును, పన్ను పెరుగును, సర్పంచి పోవును, గ్రామసభ పోవును. లాభమా నష్టమా అనునది ఒక్కమాటలో తేలునది కాదు. చీరాలవారి కథ తెలిసినవారు రెండు ప్రశ్నలు మాత్రము తప్పక అడుగుదురు: మా సమ్మతిని అడిగితిరా? మా రూపాయికి లెక్క ఎవరికి చెప్పెదరు?

కలియని గ్రామమునకును నగరముతో సంబంధము తెగదు. 2024 సెప్టెంబరు మొదట వచ్చిన వరద ఈ సంగతిని అందరికిని తెలిపినది. ప్రకాశము బరాజు వద్ద కృష్ణలో పదునొకండు లక్షల క్యూసెక్కులకు మించి నీరు పారినది. మరియొకవైపు బుడమేరు గట్లు తెగి సింగునగరము మొదలగు పేటలు దినములతరబడి నీట మునిగినవి. బుడమేరు పల్లెలలో పుట్టి, పట్టణపు అంచున పారి, కొల్లేటికి పోవును. ఆ వాగునకు మునిసిపల్ హద్దు తెలియదు. వాగు దారి ఎక్కడ ఇరుకయినను బాధ ఎగువకును దిగువకును పంచబడును. కాలువల విషయమును అంతే. పట్టణమున కాలువలో కలిసిన మురుగు మన చెరువులో తేలును; మన బిడ్డ కడుపులో జబ్బగును. ఆ మురుగును ఆపు అధికారము మన సర్పంచికి లేదు. ఆపవలెనని అడుగు హక్కు మాత్రము మనకు కలదు.

ఎవరిని, ఎట్లు అడుగవలెను? కాళేశ్వరరావుగారి చీటియే మనకు దారి చూపుచున్నది. రచ్చబండ కడ తిట్టుట ఒకరి మాటయై గాలికి పోవును. గ్రామసభలో తీర్మానించి, పంచాయతీ ముద్రవేసి, సర్పంచి సంతకముతో పంపినది ఊరిమాట యగును. మన కాలువలో ఏ చోట ఏమి కలియుచున్నదో చూచి, తేదీ వేసి వ్రాసి, ఒక ప్రతి నగరపాలక సంస్థకును, ఒక ప్రతి నీటిపారుదల శాఖకును, ఒక ప్రతి జిల్లా కలెక్టరునకును పంపవచ్చును. కాలువ వెంబడి నున్న పది గ్రామములు ఒక్కవిధముగా వ్రాసినచో ఆ మాటకు బలము పదిరెట్లగును. సమాధానము రానిచో మరుసటి గ్రామసభలో ఆ సంగతిని మరల చదివించవలెను. చేతులు కాలిన పిదప ఆకులు పట్టుకొనుటకంటె, కాలకముందే నిప్పును చూపుట మేలు గదా!

ఇతరులను లెక్క అడుగువాడు తన లెక్కను దాచరాదు. మన పంచాయతీ ఆదాయవ్యయములను గ్రామసభలో చదివించుచున్నామా? మన ఊరి మురుగు ఏ కాలువలోనికి పోవుచున్నది? మనకు దిగువను గూడ ఒక పల్లె ఉన్నది. బెజవాడ మనకు ఎగువ ఊరయినట్లే మనము వారికి ఎగువ ఊరివారము. పట్టణపు పెద్దనుండి మనము కోరునదేదో దానిని మన దిగువ ఊరివారికి మొదట మనము చేసి చూపవలెను.

ఈసారి కాళేశ్వరరావు మార్కెట్టునకు పోయినపుడు ఆ పేరును చదివి ఒక్క క్షణము నిలువుడు. నందిగామలో పుట్టిన ఒక పల్లెవాడు ఆ పట్టణమునకు పెద్దయై, ఊరిమాటను ఒక చీటిలో పెట్టి, బంట్రోతు చేతికిచ్చి, దొరకు పంపెను. అట్టి చీటి వ్రాయుటకు పెద్ద పదవి అక్కరలేదు. కాగితము, కలము, పదిమంది సమ్మతి ఉన్నచో చాలును.